ఇంటి సెట్టుకు ఎన్ని వాట్లు

మట్టెవాడలో వెంకట్రాజం మైకు సెట్టు తెలియని పెళ్లివారు లేరు. కానీ ఆ సెట్టును వెంకట్రాజం ఒక్కడే నడిపాడనుకుంటే పొరపాటే. యాంప్లిఫయర్ ముందు కూర్చునేది అతను. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చెప్పే మనిషి మాత్రం పందిరి ఆ చివర, ఆడవాళ్ల గుంపులో నిలబడి ఉండేది. ఆమె అతని భార్య కళావతి.

"రాజం చేసేదేముంది, పెండ్లాం కొంగు ఎట్లూపితే అట్ల మీట తిప్పుడే గద" అని బజారులో నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వనివ్వండి. ఊళ్లో సగంమంది మగవాళ్లు చేసేది అదే, కాకపోతే నలుగురు చూస్తుండగా చెయ్యరు.

ఈ కొంగు వ్యవహారం మరిపెడ దగ్గర ఒక పెళ్లిలో మొదలైంది. డెబ్బైల మొదటి రోజులు. రాజం దగ్గర ఉన్నది వాల్వుల సెట్టు. ఆన్ చేశాక అవి ఎర్రబడి వేడెక్కితే గాని పాట పలికేది కాదు. వైర్లు లాగి, వాసం ఎక్కి హారన్లు కట్టడానికి యాకయ్య అని ఒక మనిషి తోడుండేవాడు. రాజాన్ని అన్నా అని పిలిచేవాడు, అన్న చెప్పిన పనల్లా చేసేవాడు. అయితే సెట్టు పక్కన కూర్చున్నవాడికి పందిరి చివర సౌండు ఎలా వస్తోందో తెలియదు. వడ్డించేవాడికి పంక్తి చివర విస్తరి కనబడనట్టే. యాకయ్య అటూ ఇటూ పరుగెత్తి చెబుతుండేవాడు. అతను వచ్చి చెప్పేలోపు పాట మారిపోయేది.

ఆ పెళ్లికూతురు కళావతికి మేనమామ బిడ్డ. చుట్టంగా వచ్చి చివరన నిలబడింది. హారను గీపెట్టి చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటే చూసి చూసి, మొగుడికి కనబడేలా చీర కొంగు చేతపట్టి కిందికి దించింది. రాజం తగ్గించాడు. మరీ తగ్గింది. కొంగు పైకెత్తింది. కొంచెం పెంచాడు. అప్పుడు కొంగు నడుముకు దోపుకుని, ఇక తన పని అయిపోయినట్టు భోజనానికి పోయి కూర్చుంది. ఆ రోజు పెళ్లిలో వంటకు వంక పెట్టారు గాని మైకుకు ఎవరూ వంక పెట్టలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా ఆమె ఉండాల్సిందే. యాకయ్య వైర్లు చుట్టుకుంటుంటే, రాజం రికార్డుల పెట్టె సర్దుకుంటుంటే, కళావతి సద్ది మూట కట్టుకుని బయలుదేరేది. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ విజయలక్ష్మి ఎన్నో పెళ్లిళ్లలో అమ్మ కాళ్ల దగ్గర ఆడుకుంటూ పెరిగింది. కొంగు ఎత్తితే పెంచు, దించితే తగ్గించు, దోపుకుంటే సరిపోయింది. అక్షరాలు రాకముందే ఆ పిల్లకు ఆ సైగలు వచ్చు.

రాజానికి కోపం ముక్కు మీద ఉండేది. తన పనిలో మాత్రం నిదానస్తుడు. ఎవరైనా ఇంటిని ఆనుకుని ఉన్న దుకాణానికి వచ్చి "పెద్ద సెట్టు గావాలె రాజం" అంటే, ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు.

"పెద్దది చిన్నది కాదయ్యా. స్పీకరు డబ్బా ఎంత తింటదో చూడాలె. ఇరవై వాట్లు తినే డబ్బాకు వంద బెడితే అరగక సస్తది. గట్లని మరీ చిన్న సెట్టు బెట్టి, దాని గొంతు పిసికి అరిపిస్తే గూడ కాయిల్ కాలుతది. తినేటోని కడుపు జూసి పెట్టాలె."

ఈ మాట అతను ఎన్నిసార్లు చెప్పాడంటే, యాకయ్య వైర్లు చుడుతూ పెదాలు కదిపి తోడు చెప్పేవాడు.

ఇంత తెలిసిన మనిషి చెవులను ఆ హారన్లే తినేశాయి. ఏళ్ల తరబడి వాటి పక్కనే కూర్చుని, వాటి కిందే పడుకున్నాడు. మొదట కళావతికి తెలిసింది. పొయ్యి మీద పాలు పొంగి చుయ్యిమంటుంటే పక్కనే కూర్చున్న మనిషి చుట్ట కాల్చుకుంటూ ఉండిపోయాడు. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. ఎదురుగా వచ్చి పిలిస్తే పలుకుతున్నాడు. చెవులు చేయాల్సిన పని కళ్లతో చేస్తున్నాడని ఆమెకు అర్థమైంది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు పరీక్ష చేసి, నరం చచ్చిపోయిందని, మిషను పెట్టినా పెద్దగా లాభం లేదని చెప్పాడు.

"ఆయనకేం దెలుసు" అన్నాడు రాజం బయటికొచ్చి. "ఈ నడుమ జనమే గొణుక్కుంట మాట్లాడ్తాండ్రు."

"అవునయ్యా, గొణుగుతాండ్రు" అంది కళావతి, అతని ముఖానికి ముఖం పెట్టి, ఒక్కొక్క మాటా పెదాల మీద నిలిపి. ఆ రోజు నుంచి ఆమె మాట్లాడే తీరే మారిపోయింది. గిరాకీ వచ్చి ఏదైనా చెబితే అదే మాటను మొగుడి వైపు తిరిగి మళ్లీ అనేది. వచ్చినవాళ్లు ఈవిడకేదో చాదస్తమనుకునేవారు. అనుకోనీ అని ఊరుకుంది. చెవిటి రాజం అని పేరు పడితే మైకు పని ఎవరిస్తారు? కొంగు ఉన్నన్నాళ్లు ఆ పేరు గడప తొక్కలేదు.

ఒక్కసారి ఆమె జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది. రాజం యాకయ్యను తీసుకుని ఒక పెళ్లికి పోయాడు. పందిరి చివర చూడటానికి కొంగు లేదు. తనకు సన్నగా వినబడుతోంది కాబట్టి అందరికీ సన్నగానే ఉందనుకుని తిప్పుకుంటూ పోయాడు. మంత్రాలు వినబడక పంతులు లేచి నిలబడ్డాడు. పెళ్లిపెద్దలు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ తిట్లు కూడా రాజానికి పూర్తిగా వినబడలేదు. ఇంటికొచ్చి కళావతి మంచం పక్కన కూర్చుని, "నువ్వు లేకుంటే నాకు చాత గాదే" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి నోట అలాంటి మాట రావడం అదే మొదలు, అదే చివర.

ఎనభైలలో క్యాసెట్లు వచ్చాయి. వాల్వుల సెట్టు మూలకు పోయి, ట్రాన్సిస్టర్ సెట్లు దిగాయి. విజయలక్ష్మిని కేసముద్రంలో ఇచ్చారు. అల్లుడు మార్కెట్ యార్డులో పత్తి బేరం చేస్తాడు, మంచివాడు. బిడ్డ అత్తవారింటికి పోయాక ఇల్లు బోసిపోయింది. అప్పుడు రాజానికి ఒక ముచ్చట పుట్టింది. ఊరందరికీ పాటలు పెట్టినవాడి ఇంట్లో ఒక రేడియో తప్ప ఏమీ లేదు. ఇంటికోసం ఒక సెట్టు చేస్తానని కూర్చున్నాడు.

స్పీకరు డబ్బాలు తానే కొట్టించాడు. మంచి టేకు చెక్క, ముందు గోధుమరంగు గుడ్డ. ముందుగదిలో చెరో మూలన పెట్టాడు. వాటికి ఏ యాంప్లిఫయర్ పెట్టాలన్నదే పేచీ. దుకాణంలో మూడున్నాయి. పదిహేను వాట్లది, నలభైది, జాతరలకు తీసుకుపోయే వంద వాట్లది. డబ్బాలు ఇరవై మాత్రమే తింటాయి. లెక్క ప్రకారం పదిహేనుదే సరి. కానీ అది పెట్టి పాట వేస్తే రాజానికి ఏమీ వినబడలేదు. ఆ మాట ఎలా చెబుతాడు? నలభైది ఎత్తుకొచ్చాడు.

కళావతి వంటింటి గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది. కొంగు కిందికి దించింది. రాజం తగ్గించాడు. మళ్లీ దించింది. రాజానికి ఒళ్లు మండింది.

"ఇంక తగ్గిస్తే బంద్ జేసినట్టే! ఇల్లంటే మంచిగ మోగాలె."

ఆమె చాట పక్కన పెట్టి లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఇది పెండ్లి పందిరి గాదు. ఇంట్ల పాట వినబడాలె, పక్కన మనిషి మాట గూడ వినబడాలె. గంతే పవరు. అంతకన్న ఎక్కువైతే ఇంట్ల ఒక్కలే ఉన్నట్టు."

రాజం నలభైది తీసి పదిహేనుదే పెట్టాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది. ఆ పూట నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు ఆ సెట్టు మోగేది. అతను తల ఊపుతూ కూర్చునేవాడు. ఆమె అతని ఎదురుగా కూర్చుని పాటతో పాటు పెదాలు కదిపేది, తనకోసం పాడుకుంటున్నట్టు. ఆ పెదాలను చూసి అతను ఏ పాటో తెలుసుకునేవాడు. వినబడుతోందని అతను నటించాడు. నటన తెలియనట్టు ఆమె నటించింది. ఆ ఇంట్లో అంతకంటే సుఖమైన రోజులు లేవు.

ఆ యేడు బతుకమ్మకు ఆమె పాటను అతను క్యాసెట్టులోకి ఎక్కించాడు. వాడకట్టులో కళావతి పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాల్సిందే. మైకు పట్టుకోమంటే సిగ్గుపడింది. దాన్ని ఒక కర్రకు కట్టి ఆమె తిరిగే దగ్గర నిలబెట్టాడు. ఊరందరి గొంతులు మైకులో పెట్టిన మనిషి, సొంత పెళ్లాం గొంతు పట్టింది ఆ ఒక్కసారే. అప్పటికే అతనికి ఆ గొంతు జ్ఞాపకంలో తప్ప లేదు.

మరుసటి ఏడు వానల్లో ఆమెకు కామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగింది, పత్యం చేసింది. తగ్గుతుందనుకుంటూనే ముదిరిపోయింది. దవాఖానలో చేర్చేనాటికి లేచి కూర్చునే ఓపిక లేదు. ఒక పొద్దున రాజం మంచం పక్కన ఉండగా ఆమె కళ్లు తెరిచి ఏదో చెప్పబోయింది. రాజం గభాలున వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు. చెవిలో వెచ్చటి ఊపిరి తగిలింది. మాట తగల్లేదు. మళ్లీ చెప్పింది, మళ్లీ ఊపిరే తగిలింది. అతను తల ఎత్తి చూసేసరికి పెదాలు ఆగిపోయాయి.

లోకమంతా చేసే పనే అతనూ చేశాడు. పోయే మనిషి మాట్లాడితే చెవి పెడతారు. కానీ అతను చెవి పెట్టకూడదు, కళ్లు పెట్టాలి. ఆమె పెదాలను చూసి ఉంటే ఆ మాట అతనికి దక్కేది. అతనికి అర్థం కావాలని, ఆ ఓపిక లేని స్థితిలో కూడా ఆమె పెదాల మీద నిలిపి నిలిపి చెప్పే ఉంటుంది. ఇన్నేళ్ల అలవాటు ఆ ఒక్క గడియలో మరిచిపోయాడు. బయట మందుల కోసం నిలబడ్డ యాకయ్య లోపలికి రాగానే, "ఏమన్నదిరా? నువ్వు విన్నవా?" అని చొక్కా పట్టుకుని అడిగాడు. యాకయ్య అక్కడ లేడు కదా, ఏం చెబుతాడు. అతనూ బావురుమన్నాడు.

దినవారాలు జరుగుతున్నన్నాళ్లు రాజం గడప దాటలేదు. బిడ్డ పెట్టింది తిన్నాడు. పదకొండో రోజు కార్యం అయింది. చుట్టాలు భోజనాలు చేశారు. వాడకట్టు ఆడవాళ్లు ముందుగదిలో కళావతి ఫోటో ముందు కూర్చున్నారు. దండ వేసిన ఫోటో ముందు సాంబ్రాణి పొగ గదంతా కమ్మింది. అప్పుడు రాజం లేచి పెట్టెలోంచి ఆ క్యాసెట్టు తీశాడు.

"మీ వదినె పాట పెడ్త" అన్నాడు యాకయ్యతో. "పోయెటప్పుడు ఏమన్నదో వినలేదు. ఇదన్న ఒక్కసారి వింట. ఒక్కసారి ఆమె గొంతు వినబడ్తె చాలురా నాకు."

పదిహేను వాట్ల సెట్టు మీద పాట మొదలైంది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వంటింటి గడప దగ్గర నిలబడ్డ విజయలక్ష్మి గోడకు ఆనుకుపోయింది. అమ్మ గదిలోకి నడిచొచ్చినట్టుంది ఆ గొంతు. అందరికీ వినబడింది. వినాలనుకున్న ఒక్క మనిషికి తప్ప.

రాజం మీటను చివరిదాకా తిప్పాడు. డబ్బాకు చెవి ఆనించాడు. తల అడ్డంగా ఊపి, క్యాసెట్టు ఆపి, దుకాణంలోకి పోయి నలభైది తెచ్చాడు. మళ్లీ మొదటి నుంచి వేశాడు. చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

మళ్లీ లేచాడు. ఈసారి వంద వాట్ల సెట్టును రెండు చేతులతో ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు. యాకయ్య అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, వద్దే. నువ్వే చెప్పినవు గద. డబ్బా ఇరవైదే. అరగక సస్తది."

"తెలుసురా" అన్నాడు రాజం. కోపం లేకుండా అన్నాడు. అదే యాకయ్యను ఎక్కువ భయపెట్టింది. "తెలుసు. ఒక్క ముక్క వినబడనియ్యి. తర్వాత కాలితే కాలనియ్యి."

అతని కళ్లు చూశాక యాకయ్య పక్కకు జరిగాడు.

వైర్లు బిగించి, ఎర్ర దీపం వెలిగించి, రాజం మీట తిప్పాడు. గొంతు లేచింది. కిటికీ రెక్కలు అదిరాయి. ఫోటో గోడ మీద దడదడలాడింది. ఆడవాళ్లు చెవులు మూసుకుని వంగిపోయారు. కళావతి గొంతే అది, కానీ చీలిపోయి, రేకుల మీద రాళ్లు పడ్డట్టుంది. రాజం ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఎక్కడో దూరం నుంచి, చెరువు అవతలి గట్టు నుంచి వచ్చినట్టు, ఒక చరణం అతనికి అందింది. నిజంగానే విన్నాడో, ఇన్నేళ్లుగా దాచుకున్న గొంతు అతని మనసులోనే మోగిందో ఎవరూ చెప్పలేరు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి.

అంతలోనే టప్పున ఒక డబ్బా ఆగింది. రెండోది కాసేపు గరగరమని అదీ ఆగిపోయింది. కాలిన వాసన సాంబ్రాణి పొగలో కలిసిపోయింది.

గది నిశ్శబ్దమైపోయింది. ఆ సంగతి రాజానికి తెలియదు. సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. క్యాసెట్టులో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. పెళ్లాం పాడుతూనే ఉందనుకుని అతను చెయ్యి మీట మీద పెట్టుకుని మెల్లగా తల ఊపుతున్నాడు.

యాకయ్య తట్టుకోలేక స్విచ్చు వైపు చెయ్యి చాపాడు. విజయలక్ష్మి కళ్లతోనే వద్దని ఆపింది.

అప్పుడు రాజం తల ఎత్తి, ఏళ్లనాటి అలవాటు చొప్పున, గది ఆ చివర వంటింటి గడప వైపు చూశాడు. అక్కడ కళావతి చాట పట్టుకుని కూర్చునే చోట బిడ్డ నిలబడి ఉంది.

"ఎట్లొస్తాంది బిడ్డా?" అన్నాడు. ఆగిపోయిన పాటను మించి వినబడాలని గొంతు చించుకుని అరిచాడు. "ఎక్కువైందా? జర తగ్గియ్యనా?"

విజయలక్ష్మి పెదవి పళ్లతో నొక్కిపట్టింది. భుజం మీది కొంగును చేతిలోకి తీసుకుంది. పైకెత్తలేదు, కిందికి దించలేదు. తండ్రికి బాగా కనబడేలా చుట్టు తిప్పి నడుముకు దోపుకుంది.

రాజం మీట మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"సరిపోయిందట" అన్నాడు యాకయ్య వైపు తిరిగి, ఇంకా అరుస్తూనే. "మీ వదినె ఉంటే గూడ గిట్లనే అనేది."

గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆమె పెదాలు కదిపినట్టే అతని పెదాలూ కదులుతున్నాయి. క్యాసెట్టు ఆ పక్క అయిపోయేదాకా ఒక్కరూ లేవలేదు.